ఒకే బైటునకు రెండు విలువలు

'ప్రత్తి', 'ప్రత్తిపాడు' అను రెండు పదములను అకారాది క్రమమున పేర్చుమన్నచో ఐదవ తరగతి బాలుడైనను 'ప్రత్తి'ని ముందు వ్రాయును. చిన్న పదము పెద్ద పదమునకు మొదటి భాగమై యున్నపుడు చిన్నదే ముందు వచ్చునని నిఘంటువు త్రిప్పిన వారికెల్ల తెలియును. సీ భాషలో ఈ పని చేయుటకు రెండు మార్గములున్నవి. భాషతోపాటు లభించు స్ట్ర్‌కంప్ అను ఫంక్షనును పిలువవచ్చును. లేదా, ప్రయోగశాలలో సాధారణముగా చేయించునట్లు, ఒక్కొక్క అక్షరమును తీసి పోల్చు నాలుగు పంక్తుల ఫంక్షనును విద్యార్థి తానే వ్రాయవచ్చును. మన బల్లలపై నుండు సామాన్యపు కంప్యూటరు మీద మొదటి మార్గము 'ప్రత్తి' ముందనును. రెండవ మార్గము 'ప్రత్తిపాడు' ముందనును. విద్యార్థి తర్కములో లోపమేమియు లేదు. అదే ఫంక్షనుకు కాటన్, కాటన్‌సీడ్ అను మాటలను ఇంగ్లీషు లిపిలో ఇచ్చి చూడుడు. రెండు మార్గములును ఒకే సమాధానము చెప్పును.

ఈ తేడాకు కారణము మన లిపి కాదు. సీ భాషలో అక్షరమును దాచుకొను 'చార్' అను రకము గుర్తు గల సంఖ్యయో, గుర్తు లేని సంఖ్యయో ఆ భాష తేల్చి చెప్పలేదు. ఆ భాషలోని ఫంక్షనులు కొన్ని ఒక విధముగాను, కొన్ని మరియొక విధముగాను దానిని చదువును. సీ భాష పొదుపును, సూటిదనమును మెచ్చుకొనువారిలో నేనును ఒకడను. ఈ ఒక్క విషయమున మాత్రము దానిని విమర్శింపక తప్పదు. దానికన్న ఎక్కువగా, దానిని మనము బోధించు తీరును విమర్శింపవలసి యున్నది.

గుర్తు అనగా ధన, ఋణ చిహ్నము. బైటులో ఎనిమిది బిట్లుండును; వానిని 256 విధములుగా అమర్చవచ్చును. ఆ అమరికలను 0 నుండి 255 వరకు గల సంఖ్యలుగా చదివినచో అది గుర్తు లేని పఠనము. మొదటి సగమును 0 నుండి 127 వరకును, రెండవ సగమును −128 నుండి −1 వరకును చదివినచో అది గుర్తు గల పఠనము. రెండవ పద్ధతి విచిత్రముగా తోచవచ్చును గాని, మూడంకెల మీటరును తలచుకొన్నచో సుబోధమగును. 000 వద్ద నున్న మీటరును ఒక్క అంకె వెనుకకు త్రిప్పినచో 999 చూపును. ఆ 999ని −1 అని చదువుకొందమని మనము ఒడంబడిక చేసికొనవచ్చును. బైటులో 255ను −1గా చదువుట అట్టిదే. 128 గాని అంతకు మించి గాని ఉన్న విలువలో నుండి 256 తీసివేసినచో గుర్తు గల విలువ వచ్చును. బిట్లు కదలవు; చదువువాని ఒడంబడిక మాత్రమే మారును. (మన గణితమున ఋణసంఖ్య అను పేరు అప్పు నుండి వచ్చినదే. ప్రత్తి, మిరప పండించు మా ప్రాంతపు పిల్లలకు ఈ పదమును వివరింప పని లేదు.)

ఇంగ్లీషు అక్షరములును, అంకెలును 127 లోపలనే యుండును. పెద్ద 'ఏ' విలువ 65. దానిని ఏ ఒడంబడిక ప్రకారము చదివినను 65 మారదు. తెలుగు అట్లు కాదు. యూనికోడులో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుండియు ఉన్నది. ఆ సంకేతములను బైట్లుగా వ్రాయుటకు నేడు సర్వత్ర వాడుకలో నున్న యూటీఎఫ్-8 అను పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిరి. ఈ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు, అది హల్లైనను, గుణింతపు గుర్తైనను, పొల్లైనను, సున్నయైనను, మూడు బైట్లు పట్టును. మొదటి బైటు ఎల్లప్పుడును 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది 128కిని 191కిని మధ్య. 'ప' అనగా 224, 176, 170. వీనిని గుర్తు గల సంఖ్యలుగా చదివినచో −32, −80, −86. తెలుగు వాక్యములో ఖాళీలు, విరామచిహ్నములు, అంకెలు తీసివేసినచో మిగిలిన ప్రతి బైటును ఋణసంఖ్యయే యగును.

ఇపుడు 'ప్రత్తి' వద్దకు పోదము. అందు ఏడు సంకేతములు, అనగా 21 బైట్లు. వాని వెనుక పదము ముగిసినదని తెలుపు 0. 'ప్రత్తిపాడు'లో 33 బైట్లు. మొదటి 21 బైట్లు రెంటిలోను సమానము. 22వ స్థానమున ఒకచోట 0, రెండవచోట 224. పోల్చునపుడు బైట్లను గుర్తు లేనివానిగా చదువవలెనని స్ట్ర్‌కంప్‌కు సీ ప్రమాణము విధించినది. కనుక దాని దృష్టిలో 0 చిన్నది, 'ప్రత్తి' ముందు. విద్యార్థి పాఠములో నేర్పినట్లు చార్ రకమునే వాడినాడు. అతని కంప్యూటరులో చార్ గుర్తు గలది. అక్కడ 224 కాదు, −32 ఉన్నది. 0 కంటె −32 చిన్నది గనుక 'ప్రత్తిపాడు' ముందు వచ్చినది.

ఇది పేర్ల వరుసకు సంబంధించిన చిన్న విషయమని తోసివేయరాదు. ఒక మండలములోని ఊళ్ల పట్టికను విద్యార్థి తన ఫంక్షనుతో క్రమపరచి, తరువాత ద్వంద్వాన్వేషణమునకు స్ట్ర్‌కంప్‌ను వాడినాడనుకొనుడు. ద్వంద్వాన్వేషణమున పట్టికను సగము సగముగా కోయుచు వెదకుదుము. క్రమము ఒకరిది, వెదుకుట వేరొకరి లెక్క. పట్టికలో కొన్ని పేర్లు తెలుగు లిపిలోను, కొన్ని ఇంగ్లీషు లిపిలోను ఉన్నచో విద్యార్థి ఫంక్షను తెలుగు పేర్లనన్నిటిని ముందుంచును. స్ట్ర్‌కంప్ వానిని వెనుక వెదకును. ఊరు పట్టికలో కంటి కెదురుగా ఉండగనే ప్రోగ్రాము 'లేదు' అని చెప్పగలదు. ఆ ఊరు బదులు రైతు పేరో, పరీక్ష వ్రాసిన విద్యార్థి పేరో అయినచో ఏమగునో ఉపాధ్యాయులు ఊహింపగలరు. తెలుగు పేర్లు మాత్రమే ఉండి, ఒకదానిలో మరియొకటి ఇమిడి యుండక, నడుమ ఖాళీలు లేకున్నచో రెండు లెక్కలును ఏకీభవించును. 128 నుండి 255 వరకు గల విలువలు −128 నుండి −1 వరకు మారినపుడు తమలో తమ వరుసను తప్పవు గదా! ఇంగ్లీషు పేర్లు మాత్రమే ఉన్నను ఏకీభవించును. ఈ తప్పు పరీక్షలలో బయటపడక పోవుటకు ఇదియే కారణము.

చార్‌కు గుర్తు ఉండవలెనా అను ప్రశ్నను భాషాకర్తలు ఏల విడిచిరి? ఇందుకు చరిత్ర కలదు. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సీ భాషను 1970 తరువాతి తొలి సంవత్సరములలో పీడీపీ-11 అను యంత్రముపై పెంచెను. ఆ యంత్రము జ్ఞాపకస్థానము నుండి బైటును రిజిస్టరులోనికి తెచ్చునపుడు దాని గుర్తును పై బిట్లలోనికి తానే ప్రాకించును. గుర్తు లేని విలువ కావలెనన్నచో అదనముగా ఒక ఆదేశము వ్రాయవలెను. అది బైటు బైటునకు పొదుపు చేసిన కాలము. మరి ఐబీఎం వారి పెద్ద యంత్రములలో పెద్ద 'ఏ' సంకేతము 193. అక్కడ చార్‌కు గుర్తు ఉన్నచో ఇంగ్లీషు అక్షరములే ఋణసంఖ్యలు కావలసి వచ్చెడిది. కనుక అక్కడ గుర్తు లేదు. 1989లో అమెరికా ప్రమాణమును వ్రాసిన సంఘము ఈ రెండు వాడుకలను అంగీకరించి, నిర్ణయమును కంపైలరు కర్తకు వదలివేసినది. అప్పటికి వ్రాయబడి యున్న ప్రోగ్రాములను చెడగొట్టరాదన్నది వారి పట్టు. దానిని నేను తప్పు పట్టను.

నాకు కష్టము తోచునది ప్రమాణములోని మరియొక వాక్యము. మూల అక్షరసముదాయమునకు చెందిన అక్షరమును చార్‌లో ఉంచినపుడు దాని విలువ ఋణము కారాదని అందు హామీ ఇచ్చిరి. మూల అక్షరసముదాయము అనగా ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, కొన్ని చిహ్నములు. అవి ఎన్నడును ఋణసంఖ్యలు కావని హామీ ఉన్నది. తక్కిన ప్రపంచపు లిపులకు లేదు. ప్రమాద మున్నదని సంఘము ఎరుగును. తమ అక్షరముల వరకు గోడ కట్టుకొనిరి.

అయినను, చార్ ఒక యంత్రమున ఒక విధముగా ఉండుట మాత్రమే అయినచో జాగ్రత్తపడి బ్రతుకవచ్చును. అసలు చిక్కు ఫంక్షనుల గుమ్మముల వద్ద నున్నది. ఫంక్షను తాను ఏ రకమును తీసికొనునో, ఏ రకము తిరిగి ఇచ్చునో ముందుగా ప్రకటించును. దానిని ప్రోటోటైపు అందుము. అది రెండు పక్షముల మధ్య ఒప్పందపత్రము వంటిది. సీ గ్రంథాలయమున ఈ పత్రములో ఒకటి, నిజముగా జరుగునది మరియొకటి. గెట్‌చార్ అను ఫంక్షను ఒక బైటును చదివి ఇచ్చునపుడు దానిని గుర్తు లేనిదిగా భావించి, 224 అని ఇంట్ రకములో ఇచ్చును. ఎఫ్‌గెట్స్ అదే ఫైలులోని అదే బైటును చార్ వరుసలో పెట్టి ఇచ్చును. మన కంప్యూటరులో అది −32. 'ప'లోని మొదటి బైటును ఒకసారి ఈ గుమ్మము నుండియు, ఒకసారి ఆ గుమ్మము నుండియు తెచ్చి సమానమా అని అడిగినచో సీ భాష 'కాదు' అనును. స్ట్ర్‌కంప్ ప్రోటోటైపులో చార్ అని ఉండును. లోపల గుర్తు లేని చార్‌గా చదువును.

అన్నిటికంటె మోసకరమైనది ఈజ్‌ఆల్ఫా, దాని తోబుట్టువులు. ఇచ్చినది అక్షరమా, అంకెయా, ఖాళీయా అని చెప్పునవి ఇవి. ప్రోటోటైపులో ఇంట్ అని ఉన్నది గనుక ఏ పూర్ణాంకమైనను ఇవ్వవచ్చునని ఎవరైనను అనుకొందురు. ప్రమాణము మాత్రము గుర్తు లేని చార్‌లో పట్టు విలువ గాని, ఫైలు ముగిసినదని తెలుపు ఈఓఎఫ్ గాని తప్ప మరేదియు ఇవ్వరాదనుచున్నది. −32 ఇచ్చినచో ఏమగునో చెప్పు బాధ్యత ఎవరికిని లేదు. సాధారణముగా ఇవి ఒక పట్టికలో ఆ సంఖ్యగల గడిని చూచి జవాబు చెప్పును; −32వ గడి పట్టికకు వెలుపల ఉండును. లినక్సులోని గ్లిబ్‌సీ గ్రంథాలయమున −128 వరకు గడులను ముందుచూపుతో చేర్చిరి. అచ్చట తప్పు కనబడదు. మైక్రోసాఫ్టు కంపైలరు పరీక్షాస్థితిలో నున్నపుడు అదే ప్రోగ్రామును నిలిపివేసి హెచ్చరిక పెట్టెను చూపును. మన విద్యార్థి దానిని చూచి కంపైలరు చెడిపోయినదనుకొనును. నిజమునకు ఆ రెంటిలో నిజాయితీగా ప్రవర్తించినది ఆ హెచ్చరిక పెట్టెయే.

ఈ తికమకకు లోకము చెల్లించిన మూల్యమునకు 1996 నాటి ఉదాహరణము ప్రసిద్ధము. యూనిక్సు యంత్రములపై ఆదేశములను చదువు బ్యాష్ అను ప్రోగ్రాములో, ఆదేశపు పంక్తిని తెచ్చి ఇచ్చు ఫంక్షను దానిని చార్‌గా ప్రకటించినది. 255 అను బైటు వచ్చినపుడు అది −1 ఆయెను. −1 అనగా పంక్తి ముగిసినదని ప్రోగ్రాము తలచెను. తరువాతి భాగమును కొత్త ఆదేశముగా నడిపెను. ఒక్క ఆదేశమునకే అనుమతి ఉన్నచోట 255ను నడుమ చేర్చి రెండవ ఆదేశమును చొప్పించుటకు త్రోవ దొరకినది. సర్ట్ సంస్థ ఆ సంవత్సరమే బహిరంగముగా హెచ్చరిక ప్రకటించినది. ఆ స్థానమున గుర్తు లేని చార్ అని వ్రాసినచో ఈ త్రోవ మూసికొనిపోవును.

అదే తప్పు నేటి విద్యార్థుల ప్రోగ్రాములలో మరియొక రూపమున కనబడును. గెట్‌చార్ ఇచ్చిన విలువను ఇంట్‌లో కాక చార్‌లో దాచి, ఈఓఎఫ్ వచ్చువరకు చదువుదురు. తెలుగు పాఠమును విండోస్‌లోని నోట్‌ప్యాడులో యూటీఎఫ్-16 పద్ధతిలో భద్రపరచినచో ఫైలు మొదటి బైటు 255. చదువుట మొదటి బైటు వద్దనే ముగియును. ఫైలు ఖాళీయని ప్రోగ్రాము చెప్పును. అదే ప్రోగ్రామును లినక్సు గల రాస్ప్‌బెర్రీ పై మీద నడుపుడు. అచ్చట చార్‌కు గుర్తు లేదు. అందులో −1 ఎన్నటికిని ఇమడదు. ప్రోగ్రాము ముగియనే ముగియదు. కెర్నిహన్, రిచీలు 1978లో అచ్చొత్తించిన గ్రంథముననే ఈ విలువను ఇంట్‌లో దాచవలెనని చెప్పి, కారణము కూడ వివరించిరి. నేను చూచిన గైడు పుస్తకములు ఆ కారణమును విడిచిపెట్టినవి. కొన్ని ఇంట్‌ను కూడ విడిచి చార్ అనియే అచ్చువేసినవి.

గుర్తుల తికమక అక్షరములకే పరిమితము కాదు. పదము నిడివిని చెప్పు స్ట్ర్‌లెన్ సైజ్-టీ అను గుర్తు లేని రకమును ఇచ్చును. నిడివి ఋణము కాదు గనుక ఇది న్యాయమే యనిపించును. కాని 'ప్రత్తి' నిడివి నుండి 'ప్రత్తిపాడు' నిడివిని తీసివేసి చూడుడు. 21లో 33 పోగా −12 రావలెను. గుర్తు లేని రకములో −12 లేదు. 64 బిట్ల యంత్రము 18446744073709551604 అను ఇరువది అంకెల సంఖ్యను ఇచ్చును. భేదము సున్న కంటె ఎక్కువా అని అడిగినచో నిడివులు సమానమైనపుడు తప్ప ఎల్లప్పుడును 'ఔను' అనియే జవాబు. గుంటూరు మిర్చి యార్డులోని ఒక కొట్టులో 300 టిక్కీలు దిగి, పద్దు పొరపాటున 303 అమ్మినట్లు వ్రాయబడినవనుకొనుడు. 32 బిట్ల గుర్తు లేని లెక్కలో మిగులు 429 కోట్ల 49 లక్షల 67 వేల 293 టిక్కీలు. గుమాస్తా అయినచో మూడు టిక్కీల తేడా అని చెప్పి పద్దు వెదకును.

గుర్తు గలదియు లేనిదియు ఒక పోలికలో కలిసినపుడు సీ భాష అడుగకయే మొదటిదానిని రెండవదానిగా మార్చును. 'దొరకలేదు' అనుటకు −1 వాడుట మన అలవాటు. ఆ −1ను స్ట్ర్‌లెన్ ఇచ్చిన 21తో పోల్చినచో −1 పెద్దదని జవాబు వచ్చును. 2002లో ఫ్రీబీఎస్‌డీ వారు ప్రకటించిన లోపము ఈ జాతిదే. గెట్‌పీర్‌నేమ్ మొదలగు వ్యవస్థా పిలుపులకు నిడివిగా ఋణసంఖ్యను ఇచ్చినచో, 'హద్దు మించలేదు గదా' అను పరీక్షలో అది నెగ్గెను. ఆ వెనుక నకలు చేయు ఫంక్షను దానినే మహాసంఖ్యగా చదివెను. కెర్నెలు లోపలి జ్ఞాపకములోని సమాచారము బయటకు పోవు మార్గ మేర్పడినది. పరీక్ష చేసినవాడు సరిగనే చేసినాడు. నకలు చేసినవాడు సరిగనే చేసినాడు. ఇద్దరి నడుమ సంఖ్య చేతులు మారునపుడు దాని అర్థము మారినది.

ప్రోగ్రాము వ్రాయువాడు జాగ్రత్తగా ఉన్నచో ఇవన్నియు జరుగవు గదా యని సీ భాషాభిమానులు అందురు. ఏబది ఏండ్లుగా ఈ భాషలో ప్రపంచపు పనులు నడచుచున్నవను మాట నిజమే. కాని జాగ్రత్తకు కూడ ఏదో ఆధారము కావలెను. ఈజ్‌ఆల్ఫాకు ఏమి ఇవ్వరాదో ప్రోటోటైపు చెప్పదు. జీసీసీ కంపైలరులో డబ్ల్యూ-ఆల్, అనగా 'అన్ని హెచ్చరికలు', అను ఐచ్ఛికము ఇచ్చినను సీ ప్రోగ్రాములో గుర్తుల పోలికను గూర్చి హెచ్చరిక రాదు. డబ్ల్యూ-ఎక్స్‌ట్రా అని వేరుగ అడుగవలెను. అన్ని అని పేరు పెట్టి కొన్ని మాత్రమే చూపుట సీ లోకపు హాస్యములలో ఒకటి. రస్ట్, గో వంటి క్రొత్త భాషలలో గుర్తు గల చరరాశిని, గుర్తు లేని చరరాశిని వ్రాతపూర్వకముగా మార్పకుండ పోల్చినచో ప్రోగ్రాము కంపైలు కాదు. సీ భాషలో కూడ 2024లో వెలువడిన ప్రమాణము యూటీఎఫ్-8 అక్షరములకు చార్8-టీ అను గుర్తు లేని రకమును ఇచ్చినది. మంచిదే. అయితే స్ట్ర్‌లెన్, స్ట్ర్‌కంప్ మునుపటివలెనే చార్‌ను కోరుచున్నవి. కొత్త తలుపునకు పాత గడియ అమరలేదు.

అంతవరకు చేయదగినది ఒకటి కలదు. బైటును ఈజ్‌ఆల్ఫా వంటి వానికి ఇచ్చుటకు ముందు గుర్తు లేని చార్‌గా మార్చి ఇయ్యవలెను. స్వంతముగా పోల్చునపుడును అట్లే. దీనితో ప్రమాదము తప్పును, కాని తెలుగు రాదు. సీ భాష మామూలు లొకేలులో 224 అక్షరమా అని అడిగినచో 'కాదు' అనియే చెప్పును. ఆ జవాబు న్యాయమే. 224 తెలుగు అక్షరము కాదు, మూడింట ఒక పాలు. ప్రయోగశాలలలో తప్పక ఇచ్చు 'పదమును తిరుగవేసి చూచుట' అను అభ్యాసమునకు 'వికటకవి'ని ఇచ్చినచో ఆ పదము అటునిటు ఒకటి కాదని ప్రోగ్రాము తీర్పు చెప్పును. ఆ తీర్పునకు గుర్తులు కారణము కావు. అక్షరమనగా బైటు అని మనము ఏండ్ల తరబడి బోర్డు మీద వ్రాయుటయే కారణము.

ఉన్నత పాఠశాలలో సీ భాష చెప్పు ఉపాధ్యాయులు ఒక తరగతిలో చేయింపగల ప్రయోగము ఇది. రెండు పదములను పోల్చు ఫంక్షనును చార్‌తో విద్యార్థుల చేతనే వ్రాయించుడు. 'ప్రత్తి', 'ప్రత్తిపాడు' ఇచ్చి జవాబును నమోదు చేయింపుడు. ఒక్కొక్క బైటు విలువను ఇంట్‌గా ముద్రింపుడు. −32, −80, −86 అని వరుసగా వచ్చుట పిల్లలు స్వయముగా చూతురు. పిమ్మట ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనను మార్పక, జీసీసీకి ఎఫ్-అన్‌సైన్డ్-చార్ అను ఐచ్ఛికము మాత్రము చేర్చి మరల కంపైలు చేయింపుడు. ఈసారి 224, 176, 170 అని ముద్రింపబడును. 'ప్రత్తి' ముందునకు వచ్చును.